తాళం లేని బూట్ల గూడు

సోమవారం పొద్దున సిబ్బంది సమావేశంలో కొత్త డైరెక్టర్ కీలర్ ఒక తాళంచెవిని బల్ల మీద పెట్టి, వేలితో వెర్లా టోస్ట్రుడ్ వైపు తోశాడు. పారిపోయే రకం అమ్మాయిల బూట్లు గురువారం సాయంత్రంకల్లా ఆఫీసు బీరువాలోకి చేరాలన్నాడు. ఇకనుంచి వాళ్లు లోపలా బయటా స్లిప్పర్లతోనే తిరగాలి.

వెర్లా కూడా ఒక్క వేలితోనే దాన్ని వెనక్కి తోసింది.

“నేను తాళం వెయ్యను. కావాలంటే మీరే వేసుకోండి.”

“ఇది సలహా కాదు వెర్లా. రూలు.”

“రూలని తెలిసే ముందుగా చెప్తున్నా. లేకపోతే రేపు నేను వేశాననుకుని మోసపోతారు.”

బల్ల చుట్టూ ఉన్న ఏడుగురూ ఎవరి కాఫీ కప్పులోకి వాళ్లు చూసుకున్నారు.

వెర్లాకి అరవై ఒకటి. మోంటానా గోధుమ చేల మధ్య పుట్టింది. పదిహేనేళ్లు పిల్లల బస్సు నడిపింది. భర్త పోయాక ఈ బడికి వచ్చింది. ఇంటి దగ్గర బతుకు చేయిదాటిపోయిన అమ్మాయిలు ఇక్కడే ఉండి చదువుకుంటారు, మనసు కుదుటపరుచుకుంటారు. కౌన్సెలర్లు ఒక్కో పిల్లతో వారానికి రెండు గంటలు మాట్లాడతారు. మిగతా గంటలన్నీ వెర్లాలాంటి వాళ్లవి. నిద్ర లేపడం, మాత్ర మింగిందో లేదో నాలుక ఎత్తించి చూడడం, భోజనాలయ్యాక ఫోర్కులు లెక్కపెట్టడం. పందొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. చదువు రాదంటే ఒప్పుకుంటుంది, పని రాదంటే ఒప్పుకోదు.

ఆమె చేరిన ఏడు కూడా బూట్లకి తాళం ఉండేది. అక్టోబరులో ఒక పిల్ల వట్టి సాక్సులతో వెళ్లిపోయింది. దొరికేసరికి మంచుకి రెండు కాలివేళ్లు నల్లబడిపోయాయి. ఆసుపత్రిలో తీసేశారు. ఆ రోజు తాళంచెవి వెర్లా జేబులోనే ఉంది.

తర్వాత అప్పటి డైరెక్టర్ ఆ తాళాన్ని చెత్తలో పారేయించాడు. బూట్లు తలుపు పక్కన చెక్క గూటిలోకి వచ్చాయి. ఎవరైనా బయల్దేరితే వెర్లా చెయ్యి వెయ్యదు, అడ్డం నిలబడదు. ఆ పిల్ల కోటు చంకన పెట్టుకుని ఇరవై అడుగుల వెనక నడుస్తుంది. పదిహేను నిమిషాలకోసారి పిల్ల ఎక్కడుందో పుస్తకంలో రాస్తుంది. ఆ పదిహేను నిమిషాల్లో ఒక్కసారైనా కంటికి కనబడకపోతేనే దాన్ని పారిపోవడం అంటారు. కనబడుతూ ఉంటే అది నడక. ఒకసారి పదకొండు మైళ్లు నడిచింది. పుస్తకంలో పేజీ నిండా “నడుస్తున్నాం” అనే ఉంది. రెండుచోట్ల “తిడుతోంది” అని కూడా ఉంది.

కీలర్ బెంగ అంతా బ్రిన్ గురించి. పదిహేనేళ్ల పిల్ల, ఫీనిక్స్ నుంచి వచ్చింది. వెర్లా సెలవులో ఉన్న రోజుల్లో రెండుసార్లు పారిపోయింది. మూడోసారి పారిపోతే యూటాలో తలుపులకి బయట గడియలుండే కేంద్రానికి పంపించేయమని తండ్రి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం సంగతి బ్రిన్‌కీ తెలుసు.

గురువారం మధ్యాహ్నం బీన్స్ చిల్లీ అనే కారం కూర, సినమన్ రోల్స్ అనే తీపి రొట్టెలు పెట్టారు. భోజనం కాగానే బ్రిన్‌కి తండ్రి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. రెండు నిమిషాలకే ఫోన్ గోడకి తగిలిన చప్పుడైంది. ఆ పిల్ల గూటి దగ్గర కూర్చుని బూట్లు వేసుకుని, లేసులు బిగించి కట్టుకుని, ఒంటి మీద బూడిదరంగు చొక్కాతోనే బయటికి నడిచింది. వెర్లా ఆ పిల్ల కోటు తీసుకుంది. ఒక రోల్ కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది.

పుస్తకంలో రాసింది: 1:45. నడుస్తున్నాం.

మార్చి నెల. రోడ్డు మీద కంకర, పక్కన కరుగుతున్న మంచు, బురద.

“నా వెనక రాకు!” బ్రిన్ తిరక్కుండానే అరిచింది.

“రోడ్డు ఒకటే ఉంది తల్లీ. రెండోది వేశాక దాని మీద వస్తా.”

“ముసల్దానా, నీకు వేరే పనేం లేదా?”

“ఇదే పని. ఎనిమిదింటిదాకా డ్యూటీ.”

బ్రిన్ ఒక కంకర రాయిని కాలితో తన్నింది.

“నాన్న శనివారం రావట్లేదట. మీటింగట. ఇది మూడోసారి.”

“విన్నా.”

“ఏం విన్నావ్?”

“ఫోన్ గోడకి తగలడం.”

బ్రిన్ నవ్వబోయి ఆపుకుంది, అడుగు ఇంకా పెద్దది చేసింది. మంచి బూట్లు. వెర్లాకి కుడి మోకాలు సలపడం మొదలైంది. ఇరవై అడుగులు నలభై అయ్యాయి. స్లిప్పర్లయితే ఈపాటికి చేత చిక్కేదే. ఆ ఊహ తన బుర్రలోంచే వచ్చినందుకు ఆమెకి ఒళ్లు మండింది.

నడుముకున్న వాకీటాకీలో కీలర్ పలికాడు. “ఒడెల్‌ని పికప్‌లో పంపుతున్నా. ఇద్దరూ పట్టుకుని ఎక్కించండి.”

“పంపకండి. బండి చూస్తే పరిగెడుతుంది.”

“వెర్లా, ఇది ఆర్డర్.”

“వినిపించింది. నేను చెయ్యి వెయ్యను.”

బండి వచ్చింది. ఇంజన్ చప్పుడుకి బ్రిన్ ఒక్కసారి వెనక్కి చూసి, ముళ్లతీగ దాటి గడ్డిచేలో పడింది. బడి మరమ్మతులు చూసే ఒడెల్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఆయన పంపాడు వెర్లా. నేనేం చెయ్యను?”

“ఇంజన్ ఆపి కూర్చో. అదే చెయ్యి.”

ఆమె తీగ కింద బురదలో పడుకుని అవతలికి దొర్లింది. చంకలో ఉన్న కోటు తీగకి తగులుకుని చిరిగింది. లేచేసరికి బ్రిన్ వాగు గట్టు మీదుంది. బూడిదరంగు పొదల్లో బూడిదరంగు చొక్కా. ఇంకో పది అడుగులేస్తే కళ్లముందు నుంచి పోతుంది.

వెర్లా ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది. “బ్రిన్! తిట్టు, నడువు, నీ ఇష్టం. కనపడు, చాలు! పదిహేను నిమిషాలు కనపడకపోతే అదే రాయాలి. నేను అబద్ధం రాయను!”

ఆ పిల్ల వాగులోకి దిగిపోయింది.

రాసింది: 2:56. వాగులోకి దిగింది. కనబడటం లేదు.

గట్టు దాకా కుంటుకుంటూ వెళ్లింది. వాగు రెండు పాయలుగా చీలింది. మెత్తటి మంచు మీద జింకల అడుగులు, ఆవుల అడుగులు, బూటు అడుగులు కలగలిసిపోయాయి. ఏ పాయలోకి దిగినా రెండోది వదిలేసుకోవాలి. ఎత్తు మీదే నిలబడింది. మూడయింది, మూడూ అయిదయింది. ఒడెల్ తీగ దాటి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“కనబడిందని రాసెయ్. ఇక్కడెవరు చూడొచ్చారు?”

“ఎవరూ చూడలేదు. నేను కూడా. అదేగా గొడవ.”

“యూటాకి పంపేస్తారు దాన్ని.”

“తెలుసు.”

ఈ పుస్తకంలో ఒక్క గీత అబద్ధమైతే, రేపు ఇంకో పిల్లకి దీన్ని చూపించి వాదించడానికి ఉండదు. కలం తెరిచి పట్టుకుని గడియారం చూసింది. 3:07.

వాగు అవతలి మెరక మీద పశువుల కోసం దొర్లించిన పెద్ద గడ్డిచుట్టలున్నాయి. వాటిలో ఒకదాని మీదికి ఏదో పాకుతూ ఎక్కింది. ఎక్కి నిటారుగా నిలబడింది. చేతులు కట్టుకుని, మొహం ఇటు తిప్పింది. మాటలు వినబడనంత దూరం. తిడుతోందని మాత్రం తెలుస్తోంది.

“అమ్మయ్య, రాయి!” అన్నాడు ఒడెల్.

రాసింది: 3:08. గడ్డిచుట్ట మీద ఉంది. స్పష్టంగా కనబడుతోంది. తిడుతోంది.

వెర్లా వాగు దాటి వెళ్లి చుట్టకి ఆనుకుని కూర్చుంది. కోటు పైకి విసిరింది, రోల్ అందించింది. పావుగంటకి బ్రిన్ దిగింది. రోడ్డు దాకా నడిచొచ్చి, పికప్ తలుపు తనే తీసుకుని ఎక్కింది.

కీలర్ ఆఫీసులో ఫారం సిద్ధంగా ఉంది. ‘పారిపోవడం’ అన్న గడిలో అప్పటికే టిక్కు పెట్టి ఉంది.

“సంతకం పెట్టండి.”

“ఆ టిక్కు నాది కాదు.” పుస్తకం తెరిచి ముందు పెట్టింది. “పన్నెండు నిమిషాలు కనబడలేదు. రాశాను చూడండి. పదిహేను కాలేదు.”

“బూట్లు లేకపోతే గేటు దాకా కూడా వెళ్లేది కాదు!”

“వెళ్లేది. అయిదు వేళ్లతో వెళ్లి మూడు వేళ్లతో వచ్చేది. నేను చూశాను, మీరు చూడలేదు.”

కీలర్ పుస్తకం మొదటినుంచీ చదివాడు. మళ్లీ చదివాడు. చివరికి ఆ ఫారం చింపి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. అది వెర్లా పేరు మీద రాసిన హెచ్చరిక.

“సోమవారానిది మొదటిది. ఇది రెండోది. మూడోదానికి మీరు ఇంటికే.”

“పిల్లలకి ఇచ్చినన్ని అవకాశాలే నాకూ ఇచ్చారు. మంచిదే.”

కింద ‘ఉద్యోగి సమాధానం’ అన్న చోట ఆమె పెద్దక్షరాలతో రాసింది: ‘బూట్లు గూటిలోనే ఉంటాయి.’ సంతకం పెట్టింది. తాళంచెవి ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. దాని వంక చూడకుండా బయటికి వచ్చింది.

గూటి దగ్గర బ్రిన్ నేల మీద కూర్చుని పుల్లతో బూట్ల బురద గీకుతోంది. వెర్లా పక్కన స్టూలు మీద కూలబడి మోకాలు నొక్కుకుంది.

“నన్ను పంపిస్తున్నారా?”

“లేదు.”

“నిన్ను?”

“ఇంకా లేదు.”

బ్రిన్ రెండో బూటు అందుకుంది. “శనివారం మళ్లీ వెళ్తానేమో. చెప్పలేను.”

“వెళ్లు. పొద్దున్నే ఒక మాట చెప్పు, మోకాలికి పట్టీ కట్టుకోవాలి.”

బ్రిన్ బూట్లు రెండూ గూటిలో పక్కపక్కన పెట్టింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వెర్లా బూటు వైపు చెయ్యి చాచింది.

“ఇటివ్వు. నీదానికే ఎక్కువ బురదుంది.”