తాత ఉత్తరాల తీగ

నిన్న బాన్సువాడలో మందుల దుకాణంలో చీటీలన్నీ గుచ్చిపెట్టిన ఇనుప తీగ కనబడింది. గోలీలు కౌంటర్ మీదే మరిచిపోయి వచ్చేశాను.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, దూలానికి వేలాడే ఉత్తరాల తీగ? మా ఇంట్లో తాత కవిత్వమంతా దానికే ఉండేది. పొలంలో కట్టిన పద్యాన్ని తాత కాగితం మీద రాసి కోటగిరిలో ఉండే స్నేహితుడికి పంపేవాడు. ఆయన ఎర్ర సిరాతో దిద్ది, అదే కాగితాన్ని తిప్పి పంపేవాడు. ఇంకో ప్రతి ఉండేది కాదు.

నేను మూడో తరగతిలో ఉండగా, ఆ స్నేహితుడు పోయాడని ఒక పొద్దున కార్డు వచ్చింది. చావు కబురు చదవగానే చింపెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. అది నాకూ తెలుసు. కానీ చేతి అలవాటు కొద్దీ కార్డును తీగకు గుచ్చి, అవ్వకు కబురు చెప్పి బడికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి నీళ్ల పొయ్యిలో ఉత్తి తీగ ఎర్రగా కాలుతోంది.

"సావు కార్డు తగిలినంక అన్ని మైలపడ్డయి బిడ్డా" అంది అవ్వ.

పొలం నుంచి వచ్చిన తాత పొయ్యి ముందు కూలబడ్డాడు. చదువు రాని అవ్వకు అప్పుడు అనుమానం వచ్చింది.

"అండ్ల నీ పద్యాలు గిట ఉండెనా ఏంది?"

"లేవు. అన్ని ఆయన ముచ్చట్లే" అన్నాడు తాత.

అవ్వ చచ్చేదాకా ఆ మాట నమ్మింది. తాత మళ్లీ కలం పట్టలేదు. ఆ కార్డును తీగకు గుచ్చింది ఎవరని నన్ను ఒక్కసారీ అడగలేదు. అడిగి, రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.