గుండెల పక్కన తోడుపెట్టిన పాలు

ఆరు వారాలు కంటికి రెప్పలా పెంచిన గుండెల్ని గిన్నెడు పాలతో ఎలా చంపవచ్చో నేను చెప్పగలను. ఈ విద్య ఏ యూనివర్సిటీలోనూ నేర్పరు. సొంతంగా సాధించాను.

అప్పట్లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన స్వాతీ పరదేశంలో, క్లేటన్ అనే ఊళ్ళో ఒకే ఇంట్లో ఉంటూ ఒకే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తుండేవాళ్ళం. స్వాతి మూలకణాల నుంచి గుండె కండరం పెంచేది. కందిగింజంత ముద్దలు, మైక్రోస్కోప్‌లో చూస్తే టకటకా కొట్టుకునేవి. ఏనాటికైనా దెబ్బతిన్న గుండెకు అలాంటి కండరంతో అతుకు వేయాలని ఆ తంటా. సోమవారం ఆమెకు రివ్యూ. ముద్దలు కొట్టుకుంటేనే చదువు ముందుకు సాగుతుంది.

నా బాధ వేరు. అక్కడ జూలై అంటే నడి చలికాలం, ఆ చలికి మా వంటింట్లో పాలు తోడుకోవు. కొట్లో దొరికే పెరుగు నేను తినను. గుంటూరు మనిషిని, గోంగూరన్నం తిన్నాక వెనిల్లా వాసన నాకెందుకు చెప్పండి? ల్యాబ్‌లో చూస్తే, కణాలు పెంచే ఇంక్యుబేటర్ ఎప్పుడూ ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది, పైగా కింది అర ఖాళీ. అంత సదుపాయాన్ని వృథాగా పోనివ్వడానికి నాకు మనసొప్పలేదు.

మంగళవారం సాయంత్రం మొదటి గిన్నె పెట్టాను. మర్నాటికి గడ్డపెరుగు, గిన్నె బోర్లించినా కదలదు.

"అబ్బ, మా అమ్మ తోడేసినట్టే ఉన్నది. ఏడ తోడేసినవే?" అంది స్వాతి, ఇంకో గరిటె వేసుకుంటూ.

"వెచ్చగా ఉండే చోట."

అబద్ధమైతే కాదు కదా. ఆ ధైర్యంతో బుధవారం రెండో గిన్నె పెట్టాను. పెడుతుంటే కాస్త ఒలికింది. తుడిచేశాను. తుడిచాననే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున స్వాతి ఫోన్ చేసింది. "డిష్‌లన్నీ తెల్లగ అయినయే, బ్యాక్టీరియా సొచ్చింది. ఒక్కటి గూడ కొట్టుకుంటలేదు. కింద గీ స్టీలు గిన్నె నీదేనా?"

నేను వెళ్ళేసరికి మా ప్రొఫెసర్ హెలెన్ కూడా అక్కడే ఉంది.

"లోపల ఆహారం పెట్టకూడదని తలుపు మీద రాసి ఉంది, చూడలేదా?" అని ఇంగ్లీషులో చాలా నెమ్మదిగా అడిగింది.

"చూశాను. పెట్టినప్పుడు ఇవి పాలు. తోడుకునేదాకా ఆహారం కిందికి రావు" అన్నాను.

పక్కన స్వాతి ఏడుస్తోంది. అది చూశాక మాత్రం నిజంగా సిగ్గేసింది. సోమవారం ఎవరూ పిలవకుండానే రివ్యూ గదిలోకి వెళ్ళి, "గడువు ఆమెకివ్వండి, తిట్లు నాకివ్వండి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండూ దండిగానే ఇచ్చారు. పైగా ఏడాదిపాటు ఇంక్యుబేటర్ కడిగే పని నాకే అప్పగించారు.

మూడు నెలలకు కొత్త ముద్దలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. స్వాతి కబురు చేస్తే, క్షమించిందనుకుని పరుగెత్తాను. గుమ్మం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడికెల్లే చూడు."

"మైక్రోస్కోప్ అక్కడుంటే ఇక్కణ్ణించి ఏం కనపడుద్దే?"

"కొట్టుకుంటున్నయని నేను చెప్తున్న గద. ఇగ పో."

అందుచేత నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: గుండెలు పెరిగే అరలో ఈ జన్మలో మళ్ళీ పాలు తోడుపెట్టను. పక్క ల్యాబ్‌లో కాలేయాలు పెరిగే అర సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ ఏ మాటా ఇవ్వలేదు.