గల్లీ అంతా విన్న మా మొదటి ఆల్బమ్

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా సాఫ్ట్ రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ ఈ రోజు పొద్దున ఆన్‌లైన్‌లో విడుదలైంది. నేను దుబ్బాకలో పనిమీద ఉండగా పక్కింటి లక్ష్మక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ ఇంటి ముంగట మంది జమైన్రు. జల్ది రా" అని పెట్టేసింది. బాపుకు, అంటే మా నాన్నకు, పోయిన నెలే గుండెకు స్టెంట్ వేశారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు. సిద్దిపేట దాకా బండి ఎలా నడిపానో నాకే తెలియదు.

మా గల్లీ మలుపు దగ్గరే పెద్ద సౌండ్ బాక్సులోంచి ఏదో మెల్లని పాట వినబడింది. మా దగ్గర ఇంటి ముందు బాక్సు పెట్టి అంత మెల్లని పాట వేశారంటే, ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. బండి అక్కడే వదిలేసి పరుగెత్తాను. వాకిలి నిండా జనం. వెనక గల్లీ మల్లయ్య మామ చేతిలో పూలదండ కూడా ఉంది.

వాళ్ల మధ్యలో బాపు కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు. బాక్సులో పాడుతున్న గొంతు నాదేనని అప్పుడు గుర్తుపట్టాను.

"ఫోనెందుకు ఎత్తలే బాపూ?" అని అరిచాను.

"గింత సౌండ్ల ఫోను ఏడ ఇనబడ్తదిరా? నీ పాట అందరు ఇనాలని బాక్సు కిరాయికి తెచ్చిన."

మల్లయ్య మామ కాసేపు అటూ ఇటూ చూసి, దండ తెచ్చి నా మెడలో వేశాడు.

ఆల్బమ్ ఎలా ఉందో విని చెప్పండి. దయచేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకునే వినండి.