యాదగిరి సార్ నాలుగు రోజుల ఉపవాసం

ఒక పెద్దమనిషిని నాలుగు రోజులు వరసగా పస్తు పెట్టి, చివరికి నా నోట్లోనే నేను మట్టి కొట్టుకున్న వైనం చెబుతాను. అన్నం ముందు పెట్టుకుని మాత్రం చదవకండి. యాదగిరి సార్ ఉసురు తగులుతుంది.

తెలంగాణ కోసం తొర్రూరు బస్టాండు ముందు రిలే దీక్షలు జరుగుతున్న రోజులవి. పొద్దున కూర్చున్నవారిని సాయంత్రం నిమ్మరసమిచ్చి లేపేవారు. మర్నాడు ఇంకొకరు. ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసే నేను శిబిరానికి వెబ్‌సైట్ కట్టాను. రోజూ మారే సమాచారానికి మాడ్యూలు అనే ఒక విడి భాగం, దాన్ని నింపడానికొక సెట్టింగుల ఫారం. అందులో రెండే డబ్బాలు: రేపు కూర్చునేవారి పేరు, రేపటి నినాదం. కింద సేవ్ బటన్. చంద్రుడి మీదికి రాకెట్ పంపినవాడు కూడా నా అంత కాలర్ ఎగరేసి ఉండడు.

పేరు డబ్బా ఖాళీగా ఉంటే కళ తప్పిందని, పరీక్ష కోసం కోడులో యాదగిరి సార్ పేరు రాసిపెట్టాను. ఊళ్లో అంతమంది ఉండగా రిటైరైన లెక్కల సారే ఎందుకంటారా? ఆయనకు స్వరూప అనే కూతురుంది. ఇక అడక్కండి.

నా ఘనకార్యం ఏమిటంటే, ఫారం ఎప్పుడు తెరిచినా, సేవ్ చేసిన పేరు కాకుండా నేను రాసిన పేరే వచ్చి కూర్చునేది. శిబిరం చూసుకునే సమ్మన్న పేరు కొట్టి సేవ్ చేసేవాడు. తర్వాత నినాదం మార్చడానికి మళ్లీ తెరిచి, పేరు వంక చూడకుండానే సేవ్ నొక్కేవాడు. అంతే, రేపటి దీక్ష యాదగిరి సార్‌ది! అసలు కూర్చోవలసినవాడు సైటు చూసి హాయిగా ఇంట్లో తిని పడుకునేవాడు.

తెల్లారేసరికి సార్ గుమ్మం ముందు డప్పులు.

"సార్, మళ్ల మీరేనట గద! మీ గుండెకు దండం వెట్టాలె!"

మెడలో దండ పడ్డాక కాదనేదెవరు? సర్వపిండి వాసనకు బస్సు దిగి వెనక్కొచ్చే మనిషాయన. నాలుగో రోజు పొయ్యి మీద మటన్ ఉడుకుతుండగానే డప్పు మోగిందట. సార్ నిట్టూర్పుకు జనగామ దాకా జెండాలు ఊగాయి.

ఆ మధ్యాహ్నం స్వరూప సెంటర్‌కు వచ్చింది.

"మా బాపు నాలుగొద్దులసంది పగటిపూట బుక్క ముట్టలే. జర నీ సైటేందో సూడరాదు?"

"సమ్మన్ననే తప్పు కొట్టి ఉంటడు."

"ఆయన మీదికి నూకకు. తెరువు."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. కోడు తెరిచాను. వాళ్ల బాపు పేరు, ఇంటిపేరుతో సహా, పెళ్లిపత్రికలో అక్షరాల్లా నిగనిగలాడుతోంది.

"గీ పేరే ఎందుకు రాసినవ్?"

అడిగింది తెర వంక చూసి కాదు, నా వంక చూసి. రెండేళ్లుగా నేను ఎదురుచూసిన ప్రశ్న తనే నడిచి నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"పరీక్షకు ఏదో ఒక పేరు గావాలె గద!" అన్నాను.

"ఏదో ఒక పేరా?"

"ఆఁ."

కుర్చీ వెనక్కి నెట్టింది. "అయితే తీసెయ్," అని లేచి వెళ్లిపోయింది.

తీసేశాను. ఫారం బాగుపడింది. చెడిపోయింది నేనే.

తెలంగాణ వచ్చింది. స్వరూప పెళ్లై భూపాలపల్లి వెళ్లింది. సార్ ఇప్పటికీ బస్టాండు దగ్గర కనబడితే, "తెలంగాణకు నాకన్న ఎక్కువ ఉపాసమున్నోడు లేడు బిడ్డా, అంత నీ దయనే," అని నవ్వి, ఒక మిర్చి బజ్జీ నా చేతిలో పెడతారు. ఆయనకు అల్లుణ్ణి కావలసినవాణ్ణని ఆయనకింకా తెలియదు. ఆ బజ్జీ ఎప్పుడూ కొంచెం ఎక్కువే కారంగా ఉంటుంది.

కాబట్టి తొర్రూరు బస్టాండు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఎవరైనా పక్కన కూర్చుని "గీ పేరే ఎందుకు?" అని అడిగితే, ఈ జన్మలో మళ్లీ "ఏదో ఒక పేరు" అనను గాక అనను. అడగడానికి ఎవరూ రావడం లేదనుకోండి. అయినా ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే.