తలుపులకు తలంటు

మొన్న మా అమ్మాయి ఇంట్లో వంటింటి అల్మారాలకు రంగు మారుస్తున్నారు. రంగు వేసే మనిషి తలుపులన్నీ ఊడదీసి హాల్లో పరిచి, "జిడ్డు పోవాలమ్మా, లేకుంటే రంగు నిలవదు" అంటూ సబ్బు నీళ్లతో తుడుస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. ఆ పాఠం నాకు సిద్దిపేటలో, లంగా జాకెట్టు వయసులోనే అయిపోయింది.

అది నా చిన్నప్పటి మాట. అమ్మ పురుటికని కొండపాకలో అమ్మమ్మ ఇంటికి వెళ్లింది. మా వంటింట్లో మిట్టమధ్యాహ్నం కూడా దీపం కావాలి. తలుపులు, గోడ అల్మారా రెక్కలు ఏ కర్రతో చేశారో కూడా తెలియనంతగా మసి, తాలింపు జిడ్డు పేరుకుపోయాయి. "పొయ్యికాడ కూసుంటే పగలో రాత్రో తెలుస్తలేదు" అని అమ్మ వెళ్లేముందు కూడా అన్నది. మేం బాపు అని పిలిచే మా నాన్న మనసులో ఆ మాట పడినట్టుంది. గోడలకు సున్నం వేయించి, ఒకరోజు హైదరాబాదు నుంచి చిలకపచ్చ రంగు డబ్బా తెచ్చాడు. "మీ అమ్మ వచ్చేసరికి అయిపోవాలె. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. తమ్ముడు పుట్టాడన్న కబురు కంటే ఆ డబ్బాయే నాకు గొప్పగా తోచింది.

తలుపులు ఊడదీసి వాకిట్లో మంచాల మీద పరిచాం. వేడినీళ్లలో బూడిద, బట్టలుతికే చాకలి సౌడు మట్టి కలిపి కొబ్బరి పీచుతో తోమితే నల్లటి నీళ్లు కాలువ కట్టాయి. ఎండాక గరుకు కాగితంతో గీకుతుంటే మసి కింద నుంచి టేకు చారలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ప్రతి చారకూ బాపును పిలిచి చూపించేదాన్ని. కొంచెం నూనె ఉన్నా రంగు పట్టదని బాపు నాకు చెప్పాడు. తన తల్లికి, అంటే మా బాపమ్మకు, చెప్పలేదు. వంటింటి సంగతులు ఆమెకు ఒకరు చెప్పేదేముందనుకున్నాడు కాబోలు.

అమ్మ వచ్చే రోజు పొద్దున్నే రంగు వేయాలి. నేను లేచి వాకిట్లోకి పరుగెత్తేసరికి తలుపులు నిగనిగలాడుతున్నాయి. బాపమ్మ నువ్వుల నూనెలో పసుపు కలిపి, ప్రతి తలుపుకూ వెనకా ముందూ మూలమూలలా పట్టించి, చేతులు తుడుచుకుంటోంది. "కొత్త బట్ట కట్టేముందు తలంటు పొయ్యద్దా? గిన్నేండ్లు పొగ తిన్న తలుపులాయె. ఉత్త నీళ్లతోటి సరిపెడుతరా మీరు" అన్నది ఎంతో తృప్తిగా.

బాపు కుంచెతో వచ్చి, చూసి, అరుగు మీద కూలబడ్డాడు. "నూనె మీద రంగు ఆగదే అవ్వా. అంత మళ్ల మొదటికొచ్చింది" అన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ వచ్చి చూసేది తలుపుల్లేని వంటిల్లన్నమాట. బాపమ్మ కొంగు దోపుకుని, సౌడు బుట్ట ముందుకు లాక్కుని తోమడం మొదలుపెట్టింది. అన్నానికి పిలిచినా లేవలేదు.

బండి అనుకున్నదానికంటే ముందే వచ్చింది. పసివాణ్ణి ఎత్తుకుని వాకిట్లోకి వచ్చిన అమ్మ, మోచేతుల దాకా పసుపు, ముఖమంతా బూడిదతో ఉన్న మనిషిని ఎవరో పనామె అనుకుని, "మా అత్తమ్మ ఏడున్నది?" అని అడిగింది.

"గీడనే ఉన్న పిల్లా. నీ తలుపులకు నీళ్లు పోస్తున్న" అన్నది బాపమ్మ తలెత్తకుండా.

అప్పటిదాకా వంటింటి మాట వస్తే ఆమె నోట "నా పొయ్యి, నా వంటిల్లు" తప్ప మరో మాట మేమెవరమూ వినలేదు. దిష్టి తీయడం కూడా అందరం మరిచిపోయాం. అమ్మ తమ్ముణ్ణి నా ఒళ్లో పెట్టి, ప్రయాణం చీరతోనే అత్త పక్కన కూర్చుని పీచు అందుకుంది.

రంగు తర్వాత తీరిగ్గా వేసుకున్నాం, అమ్మే మొదటి కుంచె పెట్టింది. ఆ చిలకపచ్చ ఎప్పుడు వెలిసిపోయిందో గుర్తులేదు గానీ, "నీ తలుపులు" అన్న మాటకు అమ్మ ముఖం వెలిగిన తీరు ఇన్నేళ్లయినా నా కళ్లలో వెలిసిపోలేదు.