మా నాయనమ్మ తాగిన సర్కారు పాలు

నా చిన్నప్పుడు జరిగిన ఏ సంగతినీ నేను ఉన్నదున్నట్టు చెప్పలేను. ముందే ఒప్పేసుకుంటున్నాను. పిల్లి గురించి మొదలుపెడితే రెండో వాక్యానికి దానికి చారలొస్తాయి, మూడో వాక్యానికి గాండ్రిస్తుంది. అంచేత ఇందులో సైజులూ జనం లెక్కలూ మీరే కాస్త తగ్గించుకుని చదువుకోండి.

రాయగడ బజారులో మాది ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా ఊళ్ళోకి సర్కారువారి పాలపొడి వచ్చిన ఏడు నేను రెండో తరగతి రెండోసారి చదువుతున్నాను. బీదాబిక్కీ పిల్లలకి ఉచితంగా పాలు పోస్తామని బడి పక్క రేకుల షెడ్డులో ఒక కేంద్రం తెరిచారు. పొడి అట్టడ్రమ్ముల్లో దిగింది. ఒక్కో డ్రమ్ములో మా ఇంటిల్లిపాదీ కాపరం పెట్టుకోవచ్చు. కేంద్రం గుమస్తా రోజూ గుండిగెడు వేడినీళ్ళలో పొడి కలిపి, గరిటె తిప్పుతూ, వీధి వంక చూస్తూ కూచునేవాడు. గుమ్మం తొక్కిన ప్రాణి లేదు.

ఎందుకు తొక్కుతారు? సర్కారు అడగడమే గాని ఇవ్వడం అప్పటిదాకా ఎవరూ చూడలేదాయె. అది ఎముకలు దంచిన పొడి అని బెల్లం కొట్టాయన తేల్చాడు. తాగినవాళ్ళు వారం తిరక్కుండా రైలెక్కి అస్సాం తేయాకు తోటల్లో తేలతారని మంగలి చెప్పాడు. మా నాన్న చిటికెడు పొడి తెప్పించి, వాసన చూసి, చీమల ముందు పెట్టాడు. చీమలు తిన్నాయి. దాంతో ఆయనకి చీమల మీద కూడా అనుమానం పట్టుకుంది.

అయినా అనుమానానికి మా ఇంట్లో పెద్దపీట నాయనమ్మది. పరాయి ఇంట పచ్చి మంచినీళ్ళు ముట్టని మడిమనిషి. వాన పడితే, ఏ మబ్బులోంచి పడుతోందో కనుక్కుని గాని గిన్నె పట్టేది కాదు.

కొల్నార వైపు కొండల నుంచి మాకు విస్తళ్ళు కుట్టే అడ్డాకులు తెచ్చే కోదు తెగ ఆడమనిషి ఒకామె ఉండేది. నెత్తిన ఆకుల మోపు, వీపున బిడ్డ. ఆ ఏడు ఆ బిడ్డ వీపు మీద ఉన్నా లేనట్టే ఉండేది. తల్లికి పాలు ఇంకిపోయాయి. చోడిపిండి అంబలి పోస్తే బిడ్డ కక్కేస్తోంది. దాని కాళ్ళు ఆకుల ఈనెల్లా ఉండేవి. ఈ మాటలో నా అతిశయోక్తి ఏమీ లేదు.

నాయనమ్మ ఆ బిడ్డని చూసి చూసి, ఓ రోజు పొద్దున్నే చెంబు పట్టుకుని కేంద్రానికి బయల్దేరింది. గుమస్తా ఒక ఉపాయం చెప్పాడట, ఆ తల్లికి తెలీకుండా అంబలిలో కలిపేసి ఇచ్చెయ్యమని. నాయనమ్మకి అది రుచించలేదు. రేపు తెలిస్తే మన చేతి ఉప్పు కూడా నమ్మదంది. పాలచెంబు తెచ్చి అరుగు మీద పెట్టి, ఇవి సర్కారు పాలు, బిడ్డకి పొయ్యి అని, ఆకులు తెచ్చిన ఆ తల్లికి తిన్నగా చెప్పేసింది.

ఆమె చెంబులోకి చూసింది. తర్వాత నాయనమ్మ మొహంలోకి చూసింది.

"నువ్వు తాగినావా సావుకారమ్మా?"

కొట్లో మా నాన్న తక్కెడ గాల్లోనే ఆగిపోయింది. మా అమ్మ తలుపు చాటునుంచి వద్దత్తయ్యా అని చేతులూపుతోంది. నాయనమ్మ మా ఊరి దేవత మజ్జిగౌరమ్మని తలుచుకుని, చెంబెత్తి సగం గొంతులో పోసుకుంది. ఆముదం తాగినప్పుడు కూడా ఆవిడ అలాంటి మొహం పెట్టలేదు.

"సరే, సూస్తాను," అని ఆమె ఆకుల మోపు దించుకుని ఎదురుగా చతికిలబడింది.

ఇక చూడండి. సంతకి వచ్చిన జనమంతా మా అరుగు చుట్టూ మూగారు. తాను బతికే ఉన్నానని చూపించడానికి నాయనమ్మ పప్పు చెరిగింది, గుమ్మాలు తుడిచింది, నన్ను తిట్టింది. తిట్లలో పస తగ్గినప్పుడల్లా జనం ఇంకాస్త ముందుకి జరిగేవారు. మధ్యాహ్నం గోడకి జారబడి ఆవిడ కాస్త కునుకు తీసింది. మా నాన్న ఊపిరి ఆడుతోందో లేదోనని అద్దం తెచ్చి ముక్కు దగ్గర పెట్టాడు. నాయనమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏట్రా, పెళ్ళికూతురికి సూపించినట్టు అద్దం సూపిస్తన్నావు?"

పొద్దు వాలింది. జనం విసిగి వెళ్ళిపోయారు.

"సూసేవు కదే అమ్మీ, నాకేటీ అవనేదు. ఇప్పుడైనా పొయ్యి," అంది నాయనమ్మ.

"నీకేటీ అవనేదు. అది సరే," అందామె. "మరి ఆ దూడేటి తాగింది?"

ఆ కోదుల్లో ఆవుకి పాలు పితకరు. ఆవు పాలు దూడవి, అంతే. పొద్దుటినుంచీ మేమంతా ఆమెది మాలాంటి భయమే అనుకున్నాం. ప్రాణభయం సాయంత్రానికి తీరింది. ఇది అలా తీరేది కాదు. పెరుగులోనూ నేతిలోనూ మునిగి తేలే మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరికీ ఎన్నడూ తట్టలేదు.

నాయనమ్మ చెంబు కడిగి పట్టుకుని, మళ్ళీ కేంద్రానికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. దూడ సంగతి అడిగితే గుమస్తా పకపకా నవ్వాడు. అతని నవ్వు అయ్యేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. చివరికి అతను తల గోక్కుని, చెంబులోకి కొత్తగా పాలు కలిపి పోస్తూ, తెలీదండీ, సముద్రాల అవతలి సరుకు అన్నాడు.

దూడ కడుపునిండా తాగిందని ఒక్క అబద్ధం ఆడితే అక్కడితో అయిపోయేది. నాయనమ్మ ఆడలేదు. అరుగు దగ్గరికి తిరిగొచ్చి ఉన్నదే చెప్పింది.

"అడిగేను. ఆడికీ తెలీదంట, నాకూ తెలీదు. నీ బిడ్డ ఆకలొక్కటే నాకు తెలస్తంది."

ఆమె బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. ముందు పుడిసెడు పాలు దూడ పేర నేల మీద ఒలకబోసింది. తర్వాత వేలు ముంచి బిడ్డ నోట్లో పెట్టింది. బిడ్డ ఆ వేలుని వదల్లేదు.

మర్నాటినుంచి ఆమె, ఆమె వెంట వాళ్ళ ఊరి తల్లులూ కేంద్రానికి రాసాగారు. గుమ్మం ముందు అందరూ దూడ వాటా పారబోస్తుంటే బురదవుతోందని గుమస్తా సణిగేవాడు. మరుసటేడు ఆ బిడ్డ తన కాళ్ళ మీదే తల్లి వెనకాల నడిచి మా అరుగు ఎక్కింది.

ఇందులో నేను కల్పించింది అద్దం సంగతి. మా నాన్నకి అంత ధైర్యం లేదు, దూరంనుంచే పిలిచి చూశాడు. సంతంత జనం కూడా కాదు, ఇరుగూ పొరుగూ. మిగతాది జరిగింది.

ఊరికే వచ్చిందేదైనా చేతిలో పడితే, దీనివల్ల మనకేం ముప్పోనని మావాళ్ళు ఇప్పటికీ తిరగేసి చూస్తారు. నేనూ తిరగేస్తాను, ఇది ఎవరి నోటి దగ్గరనుంచి వచ్చిందో అని. చాలాసార్లు జవాబు దొరకదు. దొరకనప్పుడు ఎదుటివాళ్ళకి తెలీదనే చెబుతాను. ఇంత కోతలరాయుణ్ణయినా, ఆ ఒక్కచోట మాత్రం కోయలేను.