తారానగర్‌కు ఆమెతో వెళ్ళిన రోజు

మా నాయన బళ్ళారి బజారులో ఒక బట్టల అంగడిలో గుమాస్తా. సత్యనారాయణపేటలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ధార్వాడలో సైకాలజీ ఎమ్మే ముగించుకుని వచ్చేసరికి ఇంక చదివించే శక్తి ఆయనకు లేదు. ఆ మాట ఆయన పైకి అనలేదు, నేనూ అడగలేదు. బెంగళూరులోని మానసిక వైద్యశాలలో రెండేళ్ళ శిక్షణ ఉందని మా ప్రొఫెసరు ఒకాయన చెప్పారు. రోగి చెప్పేది వినడం, మాటలతోనే అతని బాధను కొంత తగ్గించడం అక్కడ నేర్పుతారట. నెలనెలా స్టైపెండు ఇస్తారు, హాస్టల్లో గది ఇస్తారు. ఎనభైల మొదట్లో మాలాంటి ఇంటి ఆడపిల్లకు ఇంతకంటే పెద్ద మాట ఇంకొకటి లేదు.

నాయన మాత్రం కూడు తింటున్నవాడు చెయ్యి ఆపేశాడు.

"పిచ్చాస్పత్రిలో చదువేందమ్మా? రేపు ఎవురన్నా అడిగితే ఏమని చెప్పేది?"

"వాళ్ళే దుడ్డిచ్చి చదివిస్తామంటాండారు గదా, పోనీ" అంది అమ్మ, ఆయన వైపు చూడకుండా చారు పోస్తూ.

అలా వెళ్ళాను. మొదటి ఏడాది రోగులకు మానసిక పరీక్షలు పెట్టడం, కేసు రాయడం, గంటల తరబడి నోరు మెదపకుండా వినడం నేర్పారు. అన్నిటికంటే ఆ వినడమే కష్టంగా ఉండేది. మాకు శిక్షణ ఇచ్చే మేడమ్ కఠినమైన మనిషి. నేను రోగికి ధైర్యం చెప్పబోతే, "ఆ మాట ఆమెకోసం అన్నావా, నీకోసం అన్నావా?" అని అడిగేవారు.

రెండో ఏడాది ఆడవాళ్ళ వార్డులో వేశారు. ఏళ్ళుగా ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళ వార్డు అది. కిటికీ పక్క మంచం మీద ఒకామె ఉండేది. రైల్వే స్టేషన్లో తిరుగుతుంటే పోలీసులు తెచ్చి చేర్చారట. పేరు తెలియదు, ఊరు తెలియదు. "అవళు మాతాడోదే ఇల్లమ్మా" అంది నర్సు. మాట్లాడనే మాట్లాడదట. మందులతో మనిషి కుదుటపడి చాలా కాలమైంది. మగ్గం నేర్చుకుంది, వంటింట్లో కూరలు తరిగేది. నోరు మాత్రం తెరవలేదు.

నేను రోజూ వెళ్ళి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఒక రోజు చాయ్ గ్లాసు జారి నా చీర మీద ఒలికింది. బెంగళూరు వచ్చాక నోరు అదుపులో పెట్టుకుని పుస్తకాల భాష మాట్లాడుతున్నదాన్ని, ఆ వేడికి ఊరి మాట బయటికి వచ్చేసింది.

"అయ్యో, ఇదేంది ఇట్ల చేసుకుంటి! ఇంగ యాడ కడిగేది దీన్ని!"

ఆమె తల తిప్పింది. నన్ను చాలాసేపు చూసింది.

"మీది బళ్ళారి పక్కనా?" అంది.

గొంతు బొంగురుగా, తుప్పు పట్టినట్టు ఉంది. నేను కదలలేదు. కదిలితే ఆ మాట మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుందేమోనని భయం.

"బళ్ళారేనక్కా. మీది?"

"తారానగరు. సండూరు తాలూకా."

ఆ తర్వాత కొద్దికొద్దిగా చెప్పింది. మొగుడూ పెండ్లాలిద్దరూ గనుల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు. ఆడబిడ్డ పుట్టాక ఆమెకు నిద్ర పట్టకుండా పోయింది. ఎవరో పిలుస్తున్నట్టు వినపడేది. బిడ్డకు పాలు ఇస్తూ ఇస్తూనే లేచి వెళ్ళిపోయేది. మొగుడు దర్గాకు తీసుకుపోయాడు, గుడికి తీసుకుపోయాడు, కట్టెలమ్మి మందులు కొన్నాడు. ఒక పొద్దు ఆయన పనికి పోయినప్పుడు ఆమె తోరణగల్లు స్టేషను దాకా నడిచి రైలెక్కింది. ఎందుకు ఎక్కిందో ఆమెకే తెలియదు.

"బిడ్డ అప్పుడు దోగాడతా ఉన్నింది. ఇప్పుడు ఎంత ఎత్తు ఉంటాదో" అని, తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించి, మళ్ళీ కొంచెం కిందికి దించింది.

మేడమ్ ఆసుపత్రి అనుమతి ఇప్పించారు. ముందుగా జాబు రాస్తే జవాబు రాలేదు, అది చేరిందో లేదో తెలియదు. చివరికి నేనూ, వార్డు ఆయమ్మా కలిసి ఆమెను ఊరికి తీసుకువెళ్ళాం. ఆమె దారి పొడుగునా తల దువ్వుకుంటూనే ఉంది. సండూరులో బస్సు దిగేసరికి గనుల ఎర్రదుమ్ము మా ముగ్గురి మీదా పడింది. ఆమె దులుపుకోలేదు.

తారానగర్‌లో వాళ్ళ ఇంటి ముందర ఒక ఆడమనిషి అరుగు మీద కూర్చుని పిల్లకు జడ వేస్తోంది. పిల్ల తల వంచుకుని కన్నడ పాఠం గట్టిగా చదువుతోంది. జడ వేస్తున్న ఆమె మమ్మల్ని చూసి "ఎవురు కావల్ల?" అంది.

పిల్ల తల ఎత్తింది. "అమ్మా, మెల్లగ, నొప్పి పెడ్తాంది" అంది, ఆ ఆడమనిషితో.

నా పక్కన నిలుచున్న మనిషి చేతిలోని దువ్వెనను కొంగులో చుట్టేసుకుంది.

అప్పుడే మొగుడు పెరటి వైపు నుంచి వచ్చాడు. ఆమెను చూసి గోడ పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. నేను ఆసుపత్రి నుంచి వచ్చామని మాత్రమే చెప్పాను. జడ వేస్తున్న ఆమెకు ఆయన ముఖం చూడగానే అంతా అర్థమైంది. పిల్లను పక్కింటికి మజ్జిగ తెమ్మని పంపింది.

"గుంతకల్లు దాకా తిరిగినా" అన్నాడు ఆయన, నేల చూస్తూ. "గుంతకల్లులో రైలు కింద పడిన ఒకామెను చూపించిరి. మొగము తెలీలేదు. నువ్వే అనుకుంటి. నువ్వే అనుకోని దహనము, దినాలు అన్నీ చేసేస్తిని."

రెండో భార్య ముందుకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉండిపో అక్కా. ఈ ఇల్లు నీదే. నేను నీ తర్వాత వచ్చినదాన్నే" అంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ కళ్ళు పిల్ల వెళ్ళిన సందు వైపే ఉన్నాయి.

"బిడ్డకు తెల్దా?" అని అడిగింది ఈమె.

"చెప్పలేదు. చిన్నప్పుట్నించి నేనే..." అని ఆమె ఆగిపోయింది.

పిల్ల చెంబుతో మజ్జిగ తెచ్చింది. గ్లాసులో పోసి ముందు ఈమెకే ఇచ్చింది, పెద్దామె అని.

"తాగు పెద్దమ్మా. ఎండలో వచ్చినారు."

ఆమె రెండు చేతులతో గ్లాసు అందుకుంది. "ఏం చదువుతాండావమ్మా?" అంది.

"ఆరో క్లాసు."

"బాగ చదువుకో. మీ అమ్మ చెప్పినట్ల విను."

నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటప్పుడు ఏం చేయాలో ఎక్కడా లేదు. ఆమె మజ్జిగ చివరి చుక్క దాకా తాగి, గ్లాసు పిల్ల చేతికిచ్చి, లేచి నిలబడింది.

"పోదాం పామ్మా. బస్సు తప్పిపోతాది" అంది నాతో.

ఆయన ఏదో అనబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, అంతే. పిల్ల వీధి చివరి దాకా వచ్చి చెయ్యి ఊపింది. ఆసుపత్రి వాళ్ళు కదా, మళ్ళీ టీకాలకు వస్తారా అని అడిగింది ఆయమ్మను.

బస్సులో ఆమె కిటికీ పక్క కూర్చుంది. నేను ఏడుస్తున్నాను. రోగి ముందు ఏడవకూడదని మేడమ్ ఎన్నిసార్లు చెప్పారో. ఆమే నా వీపు నిమిరింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు? తల నిండా నూనె పెట్టి జడేసింది, చూస్తివి గదా. నేనుంటే అంత బాగ చేసుంటానో లేదో."

బెంగళూరులో కేసు చర్చకు కూర్చున్నప్పుడు, రోగిని కుటుంబం తిరస్కరించిందా అని ఒక డాక్టరు అడిగారు. లేదన్నాను. మరి ఆమె ఎందుకు తిరిగి వచ్చింది? నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మేడమ్ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. తర్వాత ఇంకొక కేసు పిలిచారు.

శిక్షణ అయ్యాక బళ్ళారిలోనే ఉద్యోగం దొరికింది. బెంగళూరు వెళ్ళినప్పుడల్లా ఆమెను చూసి వచ్చేదాన్ని. తన ఊరి గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు. వార్డులోకి కొత్తగా వచ్చిన చిన్న వయసు ఆడపిల్లలకు తల దువ్వడం ఆమె తన పనిగా పెట్టుకుంది. ఒక వేసవిలో జ్వరం వచ్చి చనిపోయింది. నాకు ఫోన్ వచ్చేసరికి ఆసుపత్రి వాళ్ళే దహనం చేసేశారు.

ఆ మాట చెప్పడానికి తారానగర్ వెళ్ళాను. ఆయన జుట్టు తెల్లబడింది. విని, అరుగు మీద కూర్చున్నాడు.

"నేను ఒకసారి అన్నీ చేసేసినా గదమ్మా" అన్నాడు. "ఇప్పుడు మళ్ళా చెయ్యల్నా? ఎట్ల చెయ్యల్ల? బిడ్డ అడిగితే ఎవురికని చెప్పల్ల?"

ఆయన లోపలికి పోయి తల మీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతోనే నాతో బస్సు స్టాపు దాకా నడిచి వచ్చాడు.

"ఆడ ఎట్లుండేది? కడుపు నిండా తినేదా? మాట్లాడేదానికి ఎవురన్నా ఉండిరా?"

నాకు తెలిసినదంతా చెప్పాను. మగ్గం మీద దుప్పట్లు నేసేదని, వార్డులోని ఆడపిల్లలకు జడలు వేసేదని, చాయ్‌లో చక్కెర ఎక్కువ అడిగేదని. బస్సు వచ్చి ఆగింది. ఆయన ఇంకా ఏదో అడుగుతున్నాడు. కండక్టరు కేక వేశాడు, నేను ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయాక, ఆమె నవ్వేదా అని అడిగాడు.

అప్పుడప్పుడు నవ్వేదని చెప్పాను.